తడి ఆరిన అద్దం

తెల్లవారుజామున ఐదింటికి వాకిట్లో బకెట్ చప్పుడైందంటే ఆ ఇంట్లో రోజు మొదలైనట్టే. ముందు కుళాయి నీళ్ళు పడే చప్పుడు, తర్వాత గుడ్డ పిండే చప్పుడు, ఆ తర్వాత కారు తలుపుల మీద మెత్తగా చెయ్యి తిరుగుతున్న చప్పుడు. వంటగదిలో ఆమె ఆ మూడూ వరసగా వినేది. మూడోది మొదలవగానే టీ వడగట్టేది.

కారు ఆమె భర్తది. ముదురు నీలం రంగు, ఎనిమిదేళ్ళ పాతది, నడినెత్తిన ఎర్ర అక్షరాల బోర్డు ఉంటుంది. ఆయన ఆ కారులోనే ఊళ్ళో వాళ్ళకి డ్రైవింగ్ నేర్పుతాడు. అందుకే వీధంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది. కారు కడుగుతున్నది మాత్రం మాస్టారు కాదు, ఆమె తండ్రి.

పెద్దాయన నలభై ఏళ్ళు ఒక కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు సానపట్టాడు. కొట్టు మూతపడ్డాక ఒక్క గదిలో ఒంటరిగా ఉండేవాడు. ఎనిమిది నెలల కిందట స్నానాల గదిలో జారిపడితే, మాస్టారే కారేసుకుని వెళ్ళి, ఒక్క మాటైనా అడక్కుండా సామాను సర్ది తీసుకొచ్చేశాడు. వచ్చిన రెండో రోజు తెల్లవారకముందే పెద్దాయన బకెట్ పట్టుకున్నాడు. "ఊరికే కూర్చుని తినడం నా వల్ల కాదు పాపా. ఈ మాత్రమైనా చెయ్యనియ్యి" అన్నాడు. ముప్పై ఆరేళ్ళ కూతుర్ని ఆయన ఇప్పటికీ పాపా అనే పిలుస్తాడు.

"నాన్నా, టీ" అంటూ ఆ రోజు కూడా ఆమె గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"ఆగు, వెనక అద్దం ఒక్కటే మిగిలింది." ఆయన తడిగుడ్డతో అద్దాన్ని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి తుడిచాడు. వీధిదీపం వెలుగులో తడి అద్దం నిగనిగలాడింది. చేతులు పంచెకు తుడుచుకుని గ్లాసు అందుకుని, రోజూ అడిగే మాటే అడిగాడు. "అల్లుడుగారు ఏమైనా అన్నారా, కారు గురించి?"

అన్నాడు. రాత్రి భోజనాల దగ్గర అన్నాడు. 'మీ నాన్నగారికి చెప్పు, ఆ బోరు నీళ్ళతో కడగొద్దని. అద్దాలన్నీ మచ్చలు తేలుతున్నాయి' అన్నాడు.

"నువ్వు ఇంత పొద్దున్నే లేచి కష్టపడుతున్నావని ఆయన బాధపడుతున్నారు నాన్నా" అంది ఆమె.

పెద్దాయన ముఖం చేటంత అయింది. "కష్టమేముంది ఇందులో. నాకు ఒళ్ళు కదిలినట్టు ఉంటుంది, కారు తళతళలాడుతుంది. బాధపడొద్దని చెప్పు." అని, ఆ ఉత్సాహంలో ఇంకో బకెట్ నీళ్ళు తెచ్చి కారు నెత్తిన కుమ్మరించాడు.

ఎనిమిది నెలలుగా ఇదే తంతు. మాస్టారు 'వద్దని చెప్పు' అంటే, అది ఆమె నోట్లోకి వచ్చేసరికి 'ఎందుకండీ మీకు శ్రమ' అయ్యేది. 'అద్దం మసకబారింది' అంటే 'కారు కొత్తదానిలా ఉందంటున్నారు' అయ్యేది. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే ఉద్యోగం చేస్తుంది. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళకి 'చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే' అని చెప్పీ చెప్పీ, ఎంత చేదు మాటైనా ఆమె నాలుక మీద తియ్యబడిపోతుంది. అబద్ధం చెబుతున్నానని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇంట్లో గొడవ లేకుండా చూస్తున్నానని అనుకునేది.

మామా అల్లుళ్ళు ఒకరితో ఒకరు సూటిగా మాట్లాడుకుంటే ఈ తంటా ఉండేది కాదు. వాళ్ళిద్దరి మర్యాద అలాంటిది. రెండడుగుల దూరంలో నిలబడి కూడా మధ్యలో ఆమెను పెట్టుకుంటారు. ఆ రోజూ అంతే. మాస్టారు తాళాలు పట్టుకుని బయటికి రాగానే పెద్దాయన కూతురి వైపు తిరిగాడు.

"పాపా, కుడివైపు వెనక చక్రంలో గాలి తగ్గినట్టుందని అల్లుడుగారికి చెప్పు."

మాస్టారు కూడా ఆమె వైపే చూశాడు. "కొట్టిస్తానని చెప్పు."

"ఇద్దరికీ చెవులున్నాయిగా" అంది ఆమె.

ఇద్దరూ మొహమాటంగా నవ్వారు. కారు తడితడిగానే గేటు దాటింది.

ఆ తడిలోనే ఉంది అసలు సంగతి. ఆ ఇంటి బోరు నీళ్ళకి సున్నం ఎక్కువ. టీ గిన్నె అడుగున తెల్లటి పొలుసు కడుతుంది. కారు దారిలో ఎండకి ఆరుతుంటే ఒక్కొక్క నీటి బొట్టూ తన చుట్టూ తెల్లటి గీత గీసుకుని ఎండిపోతుంది. మర్నాడు దాని మీద ఇంకో బొట్టు. నెలలు గడిచేసరికి అద్దాల నిండా సున్నపు చుక్కలే. కిటికీల అంచున ఉండే నల్లటి ప్లాస్టిక్ పట్టీ కూడా ఎండకి బూడిదరంగు తిరిగి, సున్నం పట్టి తెల్లగా పాలిపోయింది. అయితే తడిగా ఉన్నంతసేపు ఇవేవీ కనిపించవు. పెద్దాయన చీకట్లో తడి కారునే చూసేవాడు. సాయంత్రం కారు వచ్చేసరికి పొద్దు గూకేది. వారానికోరోజు మాస్టారికి సెలవు, ఆ రోజు కారు కవరు కింద ఉండేది. ఆయన కడిగిన కారుని ఆయన ఎండలో ఒక్కసారి కూడా చూడలేదు.

మాస్టారు మామూలుగా చీకటి పడితే గాని ఇంటికి రాడు. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికే కారు గేటు ముందు ఆగింది.

ఆమె తల దువ్వుకుంటోంది. మాస్టారు నేరుగా వంటగదిలోకి వెళ్ళి చెంబెడు నీళ్ళు గుటగుటా తాగాడు.

"ఏమైందండీ?"

"కొత్తగా నేర్చుకుంటున్న ఆ ఆసుపత్రి నర్సమ్మ చేత బండి నడిపిస్తున్నాను." ఆయన గోడకి ఆనుకున్నాడు. "పెద్ద రోడ్డు మీంచి ఎడమకి తిప్పమన్నాను. ఎదురెండ. ఎండ పడేసరికి ఎడమ కిటికీ అద్దం మొత్తం తెల్లగా వెలిగిపోయింది, పొగమంచు కమ్మినట్టు. కిటికీ బయటున్న పక్క అద్దంలో చూసుకోమన్నాను. ఆవిడకి ఏం కనిపిస్తుంది? సైకిలు మీద పేపర్లు వేసే ఆయన పక్కనే ఉన్నాడు. నేను నా వైపు బ్రేకు తొక్కబట్టి సరిపోయింది."

ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది. "ఆయనకి..."

"పడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. ఇంకొక్క జానెడు ముందుకు పోయుంటే చక్రం కింద ఉండేవాడు. నర్సమ్మే కట్టు కట్టింది, కడుతూనే ఏడ్చింది. ఇక జన్మలో స్టీరింగు ముట్టుకోనంది." మాస్టారు చెంబు గట్టు మీద పెట్టాడు. గొంతు పెంచే మనిషి కాదు, ఆ పూట పెంచాడు. "ఎన్నిసార్లు చెప్పాను నీకు? ఆ నీళ్ళతో కడగొద్దని మీ నాన్నగారికి చెప్పమని ఎన్నిసార్లు అన్నాను?"

"చెప్పానండీ."

"ఏమని చెప్పావు?"

ఆమె దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తియ్యసాగింది.

"నేనన్న మాట అన్నట్టుగా ఒక్కసారైనా చెప్పావా?"

"ఆయన బాధపడతారని..."

"బాధపడితే ఒక పూట పడేవారు. ఇవాళ ఒక మనిషి ప్రాణం పోయుండేది."

గుమ్మంలో అలికిడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. ఖాళీ గ్లాసు కడగడానికి వచ్చిన పెద్దాయన అక్కడే నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. ఆయన గ్లాసుని జాగ్రత్తగా గట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగి బయటికి నడిచాడు.

ఆమె వెనకాలే పరిగెత్తింది. పెద్దాయన కారు ఎడమ పక్కన వంగి ఉన్నాడు. ఎండ అద్దం మీద సూటిగా పడుతోంది. మచ్చ మీద మచ్చ, వలయం మీద వలయం, అద్దమంతా చేప పొలుసులా ఉంది. నలభై ఏళ్ళు గాజు మీద వెంట్రుకంత గీత ఉన్నా పట్టుకున్న మనిషి ఆయన. బొటనవేలి గోరుతో ఒక మచ్చని గీకి చూశాడు. పోలేదు. జేబు రుమాలుతో తుడిచి చూశాడు. పోలేదు. పాలిపోయిన పట్టీ మీద వేలు పెట్టి, ఆ వేలిని చూసుకున్నాడు. అప్పుడు కూతురి వైపు తిరిగాడు.

"ఇది నేను చేసిందేనా?"

"నాన్నా, నీళ్ళు మంచివి కావు, అంతే. నీ తప్పేం..."

"రోజూ పొద్దున్నే నేనడుగుతుంటే నువ్వు చెప్పేదానివి కదా పాపా. అల్లుడుగారు ఇలా అన్నారు, అలా మెచ్చుకున్నారని." ఆయన గొంతు మామూలుగానే ఉంది. అందుకే ఆమెకు భయం వేసింది. "అందులో ఆయన నిజంగా అన్నది ఒక్కటైనా ఉందా?"

ఆమె వెతుక్కుంది. ఎనిమిది నెలలు గాలించినా ఒక్కటి దొరకలేదు. ఆయన ఇంకో నిమిషం చూసి, లోపలికి వెళ్ళి గది తలుపు వేసుకున్నాడు. గడియ పెట్టుకోలేదు. ఉత్తినే చేరవేసుకున్నాడు. ఆ తలుపు తోసే ధైర్యం మాత్రం ఆమెకు లేకపోయింది.

మాస్టారు దెబ్బ తగిలినాయన్ని చూసి రావడానికి నడిచే వెళ్ళాడు. ఆమె ఉద్యోగానికి వెళ్ళింది గాని మనసంతా ఇంటి దగ్గరే ఉంది. మధ్యాహ్నం ఒక పెద్దావిడ చెంప పట్టుకుని వచ్చి, "చాలా నొప్పి పుడుతుందా అమ్మా?" అని అడిగింది. అలవాటుగా చీమ నాలుక చివరికి వచ్చింది. ఆమె దాన్ని మింగేసి, "పుడుతుందండీ. ఒక్క ఐదు నిమిషాలు బాగానే పుడుతుంది. తర్వాత తగ్గిపోతుంది" అంది. పెద్దావిడ ఆమెను ఎగాదిగా చూసి, "ఇన్నాళ్ళకి ఒక్కరు నిజం చెప్పారు" అని కుర్చీలో స్థిమితంగా కూర్చుంది. ఆమె చీటీ రాస్తూ ఉంటే అక్షరాలు అలుక్కుపోయాయి. నాన్న కూడా ఇంతే కదా, ఒక్క ఐదు నిమిషాలు ఓర్చుకోలేని మనిషని తను ఎందుకు అనుకుంది?

మధ్యాహ్నం మూడింటికే సెలవు అడిగి ఇంటికి వచ్చేసింది. తండ్రి గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద పాత తోలు సంచి, అందులో మడతపెట్టిన బట్టలు, పైన మందుల డబ్బా. ఆయన జిప్పుతో కుస్తీ పడుతున్నాడు.

"నాన్నా, ఇదేంటి?"

"పాత ఇంటాయనకి ఫోన్ చేశాను. గది ఖాళీగానే ఉందట. స్నానాల గదిలో కమ్మీ కూడా పెట్టించాడట, ఇక జారిపడే భయం లేదు." జిప్పు సగంలో ఇరుక్కుంది. "నాకేం కోపం లేదు పాపా. నువ్వేదో నా మంచికే చేశావు. కానీ నేను ఇంతకాలం ఈ ఇంట్లో ఒక పని చేస్తున్నాననుకున్నాను. పని కాదు, చెరుపు చేశాను. చెరుపు చేస్తూ, పైగా మెప్పు కూడా పుచ్చుకున్నాను. ముఖం చెల్లట్లేదు నాకు."

"నీ ముఖం చూసే నేను చెప్పలేకపోయాను" అంది ఆమె. ఏడుపు ముంచుకొచ్చింది. "అమ్మ పోయాక నువ్వు నవ్వడమే మానేశావు. పొద్దున్నే ఆ ఒక్క మాటకి నవ్వేవాడివి. ఆ ఒక్క నవ్వు కోసం చెప్పాను. ఒకరోజు చెప్పాక మర్నాడు ఆపడం నా చేత కాలేదు."

ఆయన ఆమె తల మీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు. గేటు చప్పుడైంది. మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడి, సంచి చూసి ఆగిపోయాడు.

పెద్దాయన కూతురి వైపే తిరిగాడు. "పాపా, సాయంత్రం బస్సు దగ్గర దింపమని అల్లుడుగారికి చెప్పు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఎన్నడూ లేనిది మంచం చివర కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"నేను చెప్పను నాన్నా. ఆయన అదిగో, గుమ్మంలోనే ఉన్నారు. నువ్వే చెప్పు. ఇకనుంచి ఈ ఇంట్లో ఎవరి మాటా నేను మొయ్యను. మోసి మోసి ఇక్కడికి తెచ్చాను. చాలు."

ఇద్దరు మగవాళ్ళూ దారి తప్పినవాళ్ళలా ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అల్లుడుగారూ, నన్ను కాస్త బస్సు దగ్గర దింపాలి."

"దింపను మామయ్యగారూ."

ఆ సమాధానం ఆయన ఊహించలేదు. "ఎందుకని?"

"ఆ అద్దాలతో నేను కారు తియ్యను. ఇవాళ్టితో బుద్ధొచ్చింది."

"అయితే కొత్త అద్దాలు వేయించుకోండి. తప్పు నాది, నేనే..."

"అడిగాను. మన కారువి తెప్పించాలంట. నెల పడుతుందంట."

పెద్దాయన జిప్పు మీది చెయ్యి తీశాడు. "నెల ఎందుకు?" అన్నాడు, చెప్పడం ఇష్టం లేనట్టుగానే. "పొద్దున గోరు పెట్టి చూశాను. మచ్చ గాజులోకి కొద్దిగానే దిగింది. సానపడితే తలుపుల అద్దాల్లో మూడు బాగవుతాయి. నాలుగోది, ఎడమ వైపు వెనకది, చెప్పలేను."

"మూడొచ్చినా చాలు. చేస్తారా?"

"మీరు నాకు ముందే చూపించాల్సింది."

"చూపించకూడదనే కదా సెలవు రోజుల్లో కవరు కప్పింది" అన్నాడు మాస్టారు. ఆ మాట ఆమెకు కూడా కొత్తే. "మీరు ఏమనుకున్నారు కవరు ఎందుకని?"

"నేను కడిగాను కదా, దుమ్ము పడకుండా అనుకున్నాను."

"ఎండలో మీరు చూస్తే, ఇలాగే సంచి సర్దుకుంటారని భయపడ్డాను. అందుకే నేనూ నోరు నొక్కుకుని, అన్నీ దీని చేత చెప్పించాలని చూశాను. మా నాన్న నా చిన్నప్పుడే పోయారు. పెద్దవాళ్ళకి ఒక మాట ఎలా చెప్పాలో నాకు తెలియదు మామయ్యగారూ. పొద్దున బకెట్ చప్పుడు వింటే ఇంట్లో ఒక పెద్ద ఉన్నారని ధైర్యంగా ఉండేది. అద్దాలు పోతే పోనీలే అని చాలా రోజులు ఊరుకున్నది అందుకే. ఊరుకోకూడదు. ఒకళ్ళని పడగొట్టేదాకా ఊరుకున్నాను."

పెద్దాయన సంచి జిప్పు వెనక్కి లాగి, బట్టల అడుగు నుంచి ఒక పాత రేకు డబ్బా బయటికి తీశాడు. మూత తీస్తే లోపల లేత గులాబీ రంగు పొడి, మెత్తటి ఉన్ని బిళ్ళలు రెండు.

"కొట్టు మూసేరోజు తెచ్చుకున్నాను. కళ్ళజోడు అద్దానికి ఆఖరున దీంతోనే మెరుపు పెట్టేవాళ్ళం. గాజు ఎక్కడున్నా గాజే." డబ్బా మూత పెట్టాడు. "రేపు ఎండెక్కకముందు మొదలుపెట్టాలి. కారు నీడలో ఉండాలి. అద్దం వేడెక్కితే పగులుతుంది."

మర్నాడు మాస్టారు పాఠాలన్నీ మానుకున్నాడు. కారుని వాకిట్లో రేకుల కిందికి తోశారు. ఆమె కూడా సెలవు పెట్టి, పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి తెచ్చిన కొత్త పళ్ళ బ్రష్షులు నాలుగు పట్టుకొచ్చింది.

పెద్దాయన ముందుగా కిటికీల చుట్టూ ఉన్న పట్టీలన్నిటికీ కాగితం టేపు అంటించాడు. తర్వాత వెనిగర్‌లో ముంచిన గుడ్డని అద్దానికి అతికించి ఐదు నిమిషాలు ఉంచాడు. "పైపైన ఉన్న సున్నం దీనికి కరుగుతుంది. అదిగో, నల్ల పట్టీ కింద మెరిసే ఆ రేకు పట్టీ మీదికి మాత్రం కారనివ్వొద్దు. తగిలిందంటే పాలిపోతుంది, మళ్ళీ రాదు" అని చెబుతూ కారిన చుక్కనల్లా తడిగుడ్డతో ఒత్తేశాడు. ఆ తర్వాత గులాబీ పొడిని నీళ్ళలో చిక్కటి పాలలా కలిపి, ఉన్ని బిళ్ళతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దడం మొదలుపెట్టాడు. చేతికి వణుకుంది. బిళ్ళ గాజుకి తగలగానే ఆ వణుకు ఎటుపోయిందో ఆమెకు అర్థం కాలేదు.

"బలంగా రుద్దమంటారా?" అని అడిగాడు మాస్టారు రెండో బిళ్ళ అందుకుని.

"బలం కాదు, ఓపిక. మీరు కారు నేర్పేటప్పుడు యాక్సిలరేటరు తొక్కెయ్యమంటారా?"

"అనను."

"ఇదీ అంతే. ఆరిపోకుండా తడి చూసుకోండి."

మొదటి అద్దానికి రెండు గంటలు పట్టింది. రెండోదానికి గంటన్నర. మధ్యలో మామా అల్లుళ్ళు తూకం వేసినట్టు ఒకే స్టూలు మీద చెరో అంచున కూర్చుని టీ తాగారు. మూడో అద్దం అయ్యాక టేపు ఊడదీసి, పట్టీల పని పట్టారు. సబ్బు నీళ్ళతో బ్రష్షు రెండుసార్లు తిప్పగానే జిడ్డు నల్లగా కారడం మొదలైంది. పెద్దాయన ఆగిపోయాడు.

"ఈ పట్టీకి నూనె ఎవరు పూశారు?"

మాస్టారు చక్రం వైపు చూశాడు. "నేనే."

"ఎందుకు?"

"తెల్లగా పాలిపోయింది కదా, నల్లబడుతుందని. పాఠాలు చెప్పే మైదానం దగ్గర పూసేవాణ్ణి."

"ఎన్నిసార్లు?"

"వారానికి రెండుసార్లు."

"అయితే ఈ పాపం సగం నీదే" అన్నాడు పెద్దాయన. "నూనె పూస్తే రెండు రోజులు నల్లగా ఉంటుంది. మూడోరోజుకి రోడ్డు మీది దుమ్మంతా లాక్కుని పట్టీని తినేస్తుంది. ఎడా పెడా పూసెయ్యడమేనా, ఎవరినైనా అడగక్కర్లేదా? చదువుకున్నవాడివి కదయ్యా నువ్వు."

అనేశాక ఆయనే ఉలిక్కిపడ్డాడు. అల్లుణ్ణి ఆయన నువ్వు అనడం అదే మొదలు. మాస్టారి ముఖం మాత్రం తిట్టు తిన్న వాడిలా లేదు.

"మిమ్మల్ని అడగాల్సింది" అన్నాడు. "ఇంట్లోనే ఉన్నారు కదా."

"ఊఁ. జిడ్డంతా పొయ్యేదాకా తోము. ఆరాక ప్లాస్టిక్‌కి వేసే నల్ల పూత పూద్దాం. పల్చగా, రెండు పూతలు. కొత్తదానిలా రాదు, ముందే చెబుతున్నా. కానీ గౌరవంగా ఉంటుంది."

మాస్టారు కొట్టు నుంచి తెచ్చిన నల్ల పూతని ఆమె స్పాంజితో పట్టీల పొడుగునా పూసింది. బూడిదరంగు కొంచెం కొంచెంగా వెనక్కి తగ్గింది. ఎండ పడి బీటలిచ్చిన చోట మాత్రం సన్నటి గీతలు అలాగే ఉండిపోయాయి. చివరికి మంచినీళ్ళతో కారంతా కడిగి, ముగ్గురూ మూడు పొడి గుడ్డలు పట్టుకుని చుక్క మిగలకుండా తుడిచారు. "నీళ్ళు ఎలాంటివైనా ఆరనివ్వకూడదు. తుడిచెయ్యాలి. ఈ ముక్క నాకు ఎనిమిది నెలల కిందట ఎవరైనా చెబితే ఏం పోయేది?" అన్నాడు పెద్దాయన. ఎవరినీ ప్రత్యేకించి చూడలేదు గాని, ఇద్దరూ తలలు వంచుకున్నారు.

ఆఖరున ఎడమ వెనక అద్దం. పెద్దాయన దాని దగ్గరే ఎక్కువసేపు ఉన్నాడు. భోజనానికి పిలిచినా రాలేదు. పొద్దు పడమటికి వాలాక నడుం పట్టుకుని లేచి, "తోయండి ఎండలోకి" అన్నాడు.

కారుని రేకుల కింద నుంచి బయటికి తోశారు. ఏటవాలు ఎండ ఎడమ పక్క మొత్తం మీద పడింది.

"పాపా, లోపల కూర్చుని చూడు. ఎలా ఉందో చెప్పు."

ఆమె స్టీరింగు ముందు కూర్చుని తల తిప్పింది. ఎడమ ముందు కిటికీలోంచి బయటి పక్క అద్దం, అందులో వీధి మలుపు దాకా, స్పష్టంగా కనిపించాయి. ఎవరో సైకిలు మీద వస్తున్నారు, చక్రం పుల్లలతో సహా కనిపిస్తున్నారు. ఆమె వెనక్కి తిరిగి ఎడమ వెనక అద్దం చూసింది. మచ్చలు చాలావరకు పోయాయి. కింది మూలన మాత్రం అరచేయంత మేర వలయాలు లోతుగా అలాగే ఉన్నాయి. ఎండకి వెండి పూసల్లా వెలుగుతున్నాయి.

బయట పెద్దాయన నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా గులాబీ పొడి, కళ్ళ కింద అలసట. పొద్దుటి నుంచీ తిండి లేదు. ఆ ముఖంలో ఎదురుచూపు చూడగానే ఆమె నోట్లోకి పాత మాట దానంతటదే వచ్చేసింది. చాలా బాగుంది నాన్నా, మచ్చన్నదే లేదు.

ఆమె కారు దిగింది. వెనక తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మూడింట్లో మచ్చలు పోయాయి నాన్నా. ఈ నాలుగో దాంట్లో పోలేదు. ఎండ పడితే కనిపిస్తున్నాయి."

మాస్టారు కదలకుండా మామగారి వైపు చూశాడు. పెద్దాయన ముఖంలో వెలుగు ఒక్క క్షణం ఆగింది. ఆయన ముందుకు వచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు.

"ఏవి? నాకు ఆనట్లేదు. వేలు పెట్టి చూపించు."

ఆమె చూపుడువేలు వలయం మీద పెట్టింది. ఆయన కళ్ళు చికిలించి, ఆమె వేలి పక్కనే తన గోరు ఆనించి గీకి చూశాడు.

"అవును, ఉన్నాయి. లోతుగా దిగాయి." ఆయన గొంతులో బాధ కనిపించలేదు. పని తగిలిన మనిషి గొంతు అది. "ఇవాళ్టికి నా చెయ్యి పడిపోయింది. రేపు పొద్దున మళ్ళీ పడదాం దీని మీద. నువ్వు కూడా లేవాలయ్యా, ఐదింటికి" అన్నాడు అల్లుడితో.

"లేస్తాను మామయ్యగారూ."

"అరచెయ్యి పెట్టి ఉంచు పాపా, టేపుతో గుర్తు పెడతాను. మళ్ళీ వెతుక్కోకుండా."

ఆయన టేపు కోసం లోపలికి వెళ్ళాడు. గదిలో సంచి కింద పెట్టిన చప్పుడు, బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినిపించాయి. ఆమె కళ్ళ నిండా నీళ్ళు తిరిగి అద్దం, ఎండ, పక్కన నిలబడ్డ మనిషి అన్నీ కలిసిపోయి కనిపించాయి. తుడుచుకోవాలంటే చెయ్యి తియ్యాలి. తియ్యకుండా అలాగే పెట్టి నిలబడింది.